తోడుకోని పాలు, రాతిచెవి నూనె

ఆ ఉదయం కెమిస్టు వేసుకున్న పథకంలో మెలికలేవీ లేవు. ఫ్రిజ్‌లోంచి చిన్న సీసా తీసుకుని బస్సెక్కాలి. నగరం అవతలి కొసనున్న పెద్ద పరిశోధనాలయానికి వెళ్ళి, సీసాలో సగం నూనెను అక్కడి యంత్రం వాళ్ళకి అప్పజెప్పాలి. మిగతా సగంతో తన ల్యాబుకి వచ్చి బ్యాక్టీరియా మీద పరీక్షలు మొదలుపెట్టాలి. అన్నీ సవ్యంగా జరిగితే పెందలాడే ఇల్లు చేరి, కాళ్ళు చాపుకుని కాసేపు కూర్చోవచ్చని కూడా అనుకుంది.

సీసాలో ఉన్నది రాతిచెవి నూనె. రాతిచెవి అనేది ల్యాబులో వాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు. ఆ మొక్క శాస్త్రీయ నామం పలకడం పూర్తయ్యేలోపు టీ చల్లారిపోతుంది. అది ఒకే ఒక్క కొండ మీద, అదీ ఎండ తగలని వైపు, రాళ్ళ పగుళ్ళలోంచి చెవుల్లాంటి ఆకులు బయటికి పెట్టి బతుకుతుంది. పూత మీదున్నప్పుడే ఆకుల్లో నూనె ఊరుతుంది. పూయడం మాత్రం దాని చిత్తం. కొన్నేళ్ళకోసారి గుర్తొచ్చినప్పుడు పూస్తుంది. అటవీశాఖ అనుమతి తెచ్చుకుని, మొక్క ప్రాణానికి ముప్పు రాకుండా ఒక్కోదానికి నాలుగాకుల చొప్పున కోసుకొచ్చి, ఆవిరి పట్టి దించితే, చివరికి బొటనవేలంత సీసాకి సరిపడా నూనె దక్కింది. అందులో ఏయే పదార్థాలున్నాయో, అవి రోగక్రిములను చంపుతాయో లేదో తేల్చడం ఆమె ఉద్యోగం. ఆ ఉద్యోగం పర్మనెంటు కాదు. వచ్చే వారం ఒక పరిశీలకురాలు వచ్చి చూసి, ఈ పని సాగించాలో మూసెయ్యాలో చెబుతుంది. మూసేస్తే ఇక ఎన్నాళ్ళయినా కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు.

ల్యాబు ఫ్రిజ్ మొరాయించి రిపేరుకి వెళ్ళింది. అందుకని ముందురోజు సాయంత్రం ఆ సీసాను చేతిసంచిలో పసిపిల్లలా పొదివి పట్టుకుని ఇంటికి తెచ్చి, వంటింటి ఫ్రిజ్ పై అరలో, గుడ్ల పక్కన నిలబెట్టింది. తెల్లవారి తలుపు తీసేసరికి సీసా నిలబడి లేదు.

"అత్తయ్యా! దీన్నెవరు పడుకోబెట్టారు?"

అత్తగారు పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పలేదు. "నేనే. నిలబెడితే పెరుగుగిన్నె పట్టలేదమ్మాయ్. అందుకని పక్కకి ఒరగబెట్టా."

మూతలోంచి కారిన నూనె అరంతా పాకి, పెరుగుగిన్నె అడుగున చేరి, గిన్నె చుట్టూ సన్నటి అంచులా మెరుస్తోంది. వంటిల్లంతా ఒక వాసన కమ్ముకుంది. నిమ్మతొక్కా, తడిసిన రాయీ, కొత్త పుస్తకం కలిసినట్టుంది. బాగానే ఉంది కానీ ఆ బాగును ఆస్వాదించే స్థితిలో కెమిస్టు లేదు.

"ముట్టుకోకండి! అలాగే ఉంచండి! డ్రాపరు తెస్తాను" అని ఆమె పడకగదిలోకి పరుగెత్తింది. డ్రాపరు పట్టుకుని వచ్చేసరికి ఫ్రిజ్ అర అద్దంలా తళతళలాడుతోంది. అత్తగారి చేతిలో తడిగుడ్డ ఉంది.

"తుడిచేశాలే. దానికంత కంగారెందుకు?" అంది అత్తగారు, చాలా దయగా.

 కోడలు గుడ్డను ఆవిడ చేతిలోంచి నెమ్మదిగా తీసుకుని ప్లాస్టిక్ కవరులో పెట్టి ముడి వేసింది. వరండాలో పేపరు చదువుకుంటున్న భర్త ఇదంతా కిటికీలోంచి చూశాడు. ఆయన బడిలో లెక్కల మాస్టారు. "ఎంత శాతం పోయింది?" అనడిగాడు. ఇద్దరు ఆడవాళ్ళూ ఆయన వైపు చూసిన చూపుకి మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయాడు.

పెద్ద పరిశోధనాలయంలో యంత్రం దగ్గరి మనిషి సీసాను వెలుతురుకేసి పట్టుకుని పెదవి విరిచాడు. "ఇదంతా ఇచ్చినా మాకే చాలీచాలదు మేడమ్. ఒకసారి సరిగ్గా రాకపోతే మళ్ళీ పెట్టుకోవాలి కదా. మిగిలితే పదిహేను రోజుల్లో తిరిగిస్తాం." ఆ నూనెలోని పదార్థాలన్నిటినీ విడదీసి పేరుపేరునా చెప్పగలిగిన యంత్రం అదొక్కటే. ఆమె సీసా మొత్తం అక్కడే వదిలేసి, చేతిలో ముడేసిన గుడ్డతో ల్యాబుకి చేరింది.

ల్యాబు పెద్దాయనకి ప్రయోగం మొదలవక ముందే పత్రానికి పేరు తట్టేది. అందుకే వెనకాల అందరూ ఆయన్ని శీర్షికగారు అనేవారు. ఆమె చెప్పిందంతా విని ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"అంటే, పరిశీలకురాలికి చూపించడానికి బ్యాక్టీరియా పరీక్ష ఒక్కటి కూడా ఉండదన్నమాట."

"ఉండదు సార్. నూనె లేదు. ఈ గుడ్డ ఉంది."

ఆయన కవరు మీది నుంచే గుడ్డను కాసేపు చూశాడు. దానికి శీర్షికేదీ తట్టినట్టు లేదు.

మర్నాడు పొద్దున ఇంట్లో ఇంకో విపత్తు బయటపడింది. పాలు తోడుకోలేదు.

ఇది చిన్న విషయమని అనుకునేవాళ్ళు ఆ అపార్ట్‌మెంటులో లేరు. అత్తగారి పెరుగంటే అక్కడ ఒక ప్రమాణం. గిన్నె బోర్లిస్తే జారదు, గరిటె పెడితే గరిటె నిలబడుతుంది. ఎవరింట్లో తోడు అయిపోయినా, పులిసిపోయినా చిన్న గిన్నె పట్టుకుని ఆవిడ గుమ్మం దగ్గరికే వచ్చేవారు. ఆవిడ కూడా తోడు ఇచ్చేటప్పుడు, పాలు ఎంత వెచ్చగా ఉండాలో చూపుడువేలు ముంచి చూపిస్తూ పాఠం చెప్పి మరీ పంపేది. అటువంటి మనిషి ఆ ఉదయం మూత తీసి గిన్నె కదిపితే, పాలు పాలలాగే అటూ ఇటూ ఊగాయి.

"నీ సీసా నూనే నా తోడుని చంపేసింది" అంది అత్తగారు.

"అలా ఏం కాదత్తయ్యా. రాత్రి చల్లగా ఉండుంటుంది."

"నా చేతికి చలీ వేడీ తెలీదంటావా?"

"అది కాదు. మూత పెట్టిన గిన్నెలోకి నూనె ఎలా వెళ్తుంది? ఏ విషయమైనా నిరూపణ ఉండాలి కదా" అని ఆమె ల్యాబుకి వెళ్ళిపోయింది. ఆమెకి తన తలనొప్పులు తనకున్నాయి.

అత్తగారు పైఇంటావిడ దగ్గరికి వెళ్ళి, ఎన్నో ఏళ్ళుగా ఎవరినీ అడగనిది, కాస్త తోడు అడిగింది. పైఇంటావిడ ముక్కున వేలేసుకుంది. "మీరు నన్నడగడమేంటి వదినగారూ! మొన్న మీ దగ్గర తీసుకున్నదే ఉంది, తీసుకోండి." ఆ తోడుతోనూ పాలు తోడుకోలేదు. పైఇంటావిడవీ తోడుకోలేదు. కింది వాటాలోవీ, ఎదురు వాటాలోవీ తోడుకోలేదు. మెట్ల దగ్గర ఎవరు ఎవరికి ఎదురుపడినా "మీకు?" "మాకూ" అనుకోవడం మొదలైంది.

పాల మీద మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు. వచ్చినా అత్తగారు రానిచ్చేది కాదు. ఆ అపార్ట్‌మెంటుకంతటికీ పాలు పోసేది ఒకే మనిషి. అతన్ని ఆవిడే కుదిర్చింది. "పాలాయన్ని ఒక్క మాటన్నా ఊరుకోను. నీళ్ళు కలపని పాలవాడు ఈ నగరంలో అతనొక్కడే. వేరే పాలు నా గుమ్మం తొక్కవు" అని అందరి ముందూ చెప్పింది. ఆ తర్వాత బస్సెక్కి, నగరం అవతల ఉండే చెల్లెలింటికి వెళ్ళి, కొత్త తోడు డబ్బాలో తెచ్చుకుంది. దాన్నీ ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం తీసి, పాలల్లో కలిపింది. పొద్దున్నే మూత తీసి చూసి, వెళ్ళి మంచం మీద పడుకుంది. కాఫీ కూడా తాగలేదు.

ఆవిడ అలా పడుకోవడం కోడలు ఎప్పుడూ చూడలేదు. గుమ్మంలో నిలబడి, "అత్తయ్యా, ఒంట్లో బాగోలేదా?" అంది.

"నా చెయ్యి పోయింది" అంది అత్తగారు గోడవైపు తిరిగి. "ఇంక నేనెందుకు ఈ ఇంట్లో?"

"మా చెల్లెలింట్లో ఈ తోడుతోనే నిన్న పెరుగు తిన్నా. ఎంత బాగుందో! మన ఫ్రిజ్‌లో ఒక్కపూట ఉందో లేదో, చచ్చింది" అని కూడా అంది కాసేపటికి.

కెమిస్టు అక్కడే ఆగిపోయింది. తోడులో ఉండేవి బ్యాక్టీరియా. బయట బతికి ఉన్న బ్యాక్టీరియా ఈ ఫ్రిజ్‌లోకి రాగానే చచ్చింది. అరను నీళ్ళగుడ్డతో తుడిచారు గాని నూనె వాసన ఇంకా పోలేదు, తలుపు తీస్తే గుప్పుమంటోంది. తగలక్కర్లేకుండా, కేవలం ఆవిరితోనే క్రిములను చంపుతోందంటే!  నాలుగు రోజులుగా అత్తగారు పోరుతున్న మాటనే ఇప్పుడు తను గట్టిగా నమ్మాలని ఆమె మనసు తహతహలాడింది.

"అత్తయ్యా, మీరు చెప్పిందే నిజం! నా నూనే చంపింది!"

అత్తగారు చటుక్కున లేచి కూర్చుంది. ఇన్నాళ్ళూ తను అన్న మాటే అయినా, కోడలి నోట అంత సంతోషంగా వినేసరికి ఆవిడకి అది అవమానంగా తోచింది. "అంటే నా ఫ్రిజ్‌లో విషముందంటావా? ఆ ఫ్రిజ్‌లోవి తినే కదే మనం బతుకుతున్నాం!"

"విషం కాదత్తయ్యా, ఔషధం!"

"ఔషధమైతే పాలెందుకు చెడగొడుతుంది?"

"చెడగొట్టట్లేదు, చెడిపోకుండా చూస్తోంది."

మధ్యలో ఉన్న లెక్కల మాస్టారు ఇద్దరి మాటల్లోనూ తర్కముందని అన్నాడు. దాంతో ఆ పూట ఆయనకి ఎవరూ అన్నం వడ్డించలేదు.

ల్యాబులో ఈ సంగతి చెప్పగానే శీర్షికగారు కుర్చీలోంచి లేచాడు. "గృహ శీతలయంత్ర వాతావరణంలో రాతిచెవి తైలపు ఆవిరి: పెరుగు సూక్ష్మజీవులపై దాని దండయాత్ర!" అన్నాడు కళ్ళు మూసుకుని. ఆ సాయంత్రమే స్వయంగా ఇంటికి వచ్చి, ఫ్రిజ్ తలుపు తీసి, తల లోపల పెట్టి చాలాసేపు ఊపిరి పీల్చాడు. అత్తగారు వెనకాల నిలబడి, కరెంటు వృథా అవుతోందని గుర్తుచేసింది.

"అద్భుతమమ్మా! ఇది ఫ్రిజ్ కాదు, సాక్ష్యం. పరిశీలకురాలికి దీన్నే చూపిద్దాం. ల్యాబుకి తరలించాలి" అన్నాడాయన తల బయటికి తీస్తూ.

"నా ఫ్రిజ్ ఎక్కడికీ కదలదు" అంది అత్తగారు.

అది కదలడానికి మిగతా అపార్ట్‌మెంటు సాయం చేసింది. కోడలు "చంపింది" అన్న మాట మెట్ల మీదుగా పైకీ కిందికీ వెళ్ళి, వెళ్ళిన ప్రతి వాటాలోనూ కాస్త బలం పుంజుకుంది. మొదట నూనె అన్నారు. తర్వాత మందన్నారు. సాయంత్రానికి ఆ ఇంట్లో ల్యాబు నుంచి తెచ్చిన పురుగేదో ఫ్రిజ్‌లోంచి తప్పించుకుందని స్థిరపడింది. పైఇంటావిడ కింద స్కూటర్లు పెట్టే చోట నలుగురినీ పోగుచేసింది.

"వదినగారూ, మీమీద మాకేం కోపం లేదు. కానీ ఆ ఫ్రిజ్ ఈ బిల్డింగులో ఉన్నంతకాలం మా పిల్లలకి పెరుగన్నం లేదు. మీరే ఆలోచించండి" అంది.

నా తోడుతో ఇన్నేళ్ళు తిన్నవాళ్ళేనా వీళ్ళు అన్నట్టు అత్తగారు అందరినీ ఒకసారి కలయజూసింది. "సరే, తీసుకుపొండి. కానీ ఫ్రిజ్ ఎక్కడుంటే నేనక్కడుంటా. అందులో నా సామానుంది" అంది.

మర్నాడు నలుగురు కూలీలు వచ్చి ఫ్రిజ్‌ని దించడం మొదలుపెట్టారు. మెట్ల మలుపు దగ్గర అది ఇరుక్కుంది. పైకీ రాదు, కిందికీ పోదు. లెక్కల మాస్టారు గోడ మీద పెన్సిలుతో గీతలు గీసి, ఎంత వాలుగా తిప్పితే దిగుతుందో లెక్కకట్టి చెప్పాడు. వాళ్ళు అంతే వాలుగా తిప్పారు. ఇదివరకు కదులుతున్నది కూడా ఆగిపోయింది. కూరగాయలు తేవడానికి బయల్దేరిన పైఇంటావిడ ఫ్రిజ్‌కి అవతల, ఇంటికి రావలసిన ఆవిడ భర్త ఫ్రిజ్‌కి ఇవతల నిలబడి, ఏం కూర తేవాలో దానిమీదుగానే మాట్లాడుకున్నారు. చివరికి తలుపు ఊడదీసి దించారు. అత్తగారు తోడు డబ్బా ఒడిలో పెట్టుకుని వ్యానులో డ్రైవరు పక్కన కూర్చుంది.

ల్యాబులో తలుపు మళ్ళీ బిగించి, అన్నీ ఉన్నవి ఉన్నట్టు సర్దారు. తోడు డబ్బా దాని చోట్లోకి అది చేరింది. కెమిస్టు మనసులో ఒక మూల శాస్త్రం ఇంకా చచ్చిపోలేదు. కాబట్టి ఆమె పద్ధతిగా రెండు ఏర్పాట్లు చేసింది. చెల్లెలింటి నుంచి మళ్ళీ కొత్త తోడు తెప్పించి, దాన్ని రెండు భాగాలు చేసింది. ఒకటి ఫ్రిజ్‌లో పెట్టింది. రెండోది అసలు ఆ ఫ్రిజ్ ముఖమే చూడకుండా వేరే గదిలో, మంచుపెట్టెలో ఉంచింది. సాయంత్రం ఇంటినుంచి తెచ్చిన పాలు కాచి, రెండు గాజుగిన్నెల్లో పోసి, మొదటిదాంట్లో ఫ్రిజ్ తోడు, రెండోదాంట్లో బయటి తోడు కలిపింది. మొదటిది తోడుకోకూడదు, రెండోది తోడుకోవాలి. అప్పుడే తప్పు నూనెదని, అంటే గొప్పదనం నూనెదని తేలుతుంది.

ఇదంతా అత్తగారు బల్ల చివర కూర్చుని చూసింది. కోడలు పాలల్లో ధర్మామీటరు పెట్టి చూడటం ఆవిడకి నచ్చలేదు. తోడు చెంచాతో కొలవడం అసలే నచ్చలేదు. అందరూ టీ తాగడానికి వెళ్ళినప్పుడు ఆవిడకి చెయ్యి ఊరుకోలేదు. చివరిసారి ఒక్కసారి, తన పద్ధతిలో, తన చేత్తో తోడుపెట్టి చూసుకోవాలనిపించింది. ఇంటి పాలు అయిపోయాయి. ఎదురుగా ఉన్న కొట్టుకి వెళ్ళి, చుట్టుపక్కల తెలిసినవాళ్ళెవరూ లేరని చూసుకుని, జీవితంలో మొదటిసారి ఒక పాల ప్యాకెట్టు కొంది. ల్యాబు స్టవ్వు మీద కాచి, వేలు ముంచి చూసుకుని, ఫ్రిజ్‌లో ఉన్న తోడులోంచి రవ్వంత తీసి కలిపింది. పక్కనున్న స్టీలు గిన్నెలో పోసి మూత పెట్టి, గాజుగిన్నెల వెనకాల ఎవరికీ కనపడకుండా ఉంచింది. ఎవరికీ చెప్పలేదు. మళ్ళీ ఓడిపోతే ఈసారి ఆ సంగతి తనకొక్కదానికే తెలియాలని ఆవిడ కోరిక.

మర్నాడు ఉదయం పరిశీలకురాలు వచ్చింది. పొట్టిగా, కళ్ళజోడు గొలుసుతో మెడలో వేలాడేసుకుని, తొందర లేని మనిషి. శీర్షికగారు ఆమెను ఫ్రిజ్ ముందుకి తీసుకువెళ్ళి, రాతిచెవి పుట్టుపూర్వోత్తరాలూ, సీసా ఒరగడమూ, ఒక అపార్ట్‌మెంటంతా పెరుగు లేక అలమటించడమూ వర్ణించాడు. ఆమె మధ్యమధ్య "ఊఁ" అంది.

"ఇక చూడండి!" అని ఆయన మొదటి గాజుగిన్నె మూత తీసి వంచాడు. పాలు పల్చగా అంచుకి జారాయి. "ఫ్రిజ్‌లోని తోడు. పూర్తిగా నిర్వీర్యం!"

వెనకాల ఉన్న సిబ్బంది చప్పట్లు కొట్టారు.

"రెండోది బయట ఉంచిన తోడు. ఇది చక్కగా..." అని ఆయన రెండో గిన్నె వంచాడు. ఆ పాలు కూడా పల్చగా అంచుకి జారాయి.

చప్పట్లు ఆగిపోయాయి. కెమిస్టు రెండు గిన్నెల్లోకీ మార్చిమార్చి చూసింది. రెండోది తోడుకోలేదంటే మొదటిదానికి అర్థం లేదు. ఆ విషయం పరిశీలకురాలికి తెలుసని, ఆమె కళ్ళజోడు తీసి పెట్టుకున్న తీరులోనే తెలిసిపోయింది. శీర్షికగారు మాత్రం ఒక్క క్షణమే తడబడ్డాడు.

"చూశారా దాని శక్తి! గది దాటి, తలుపులు దాటి, మంచుపెట్టెలోకి కూడా..."

"సార్," అంది కెమిస్టు.  "అలా చెప్పలేం సార్. ఇక్కడ మనం ఏదీ నిరూపించలేదు."

ఆ మాటతో తన ఉద్యోగం పోయిందనే ఆమె అనుకుంది. అనేశాక కొంచెం తేలికగా కూడా అనిపించింది.

"ఆ వెనకాల స్టీలు గిన్నె ఏమిటి?" అంది పరిశీలకురాలు.

ఎవరికీ తెలియదు. శీర్షికగారు కెమిస్టు వైపు, కెమిస్టు సిబ్బంది వైపు చూశారు. అత్తగారు కిటికీ వైపు చూసింది. పరిశీలకురాలే వెళ్ళి మూత తీసింది. గిన్నె కొంచెం వంచింది. ఇంకా వంచింది. చివరికి పూర్తిగా బోర్లించింది. చుక్క రాలలేదు.

"తోడుకుంది!" ల్యాబు అదిరేలా ఒక కేక వినిపించింది. అత్తగారు మందిని తోసుకుంటూ వచ్చి గిన్నె లాక్కుంది. "తోడుకుందమ్మాయ్! చూడు, గడ్డ చూడు! నా చెయ్యి పోలేదు!" ఆవిడ కోడలి రెండు బుగ్గలూ పట్టుకుని ఊపింది. కోడలి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. ఆవిడ వాటిని ఆనందబాష్పాలనుకుని ఇంకా గట్టిగా ఊపింది.

"ఇందులో తోడు ఎక్కడిదండీ?" అంది పరిశీలకురాలు.

"ఈ ఫ్రిజ్‌లోదే. మీ చచ్చిన తోడే."

"మరి పాలు?"

అత్తగారి ఉత్సాహం కాస్త తగ్గింది. "ప్యాకెట్టు పాలు" అంది చిన్నగా, చేయకూడని పని చేసినట్టు. ఆ మాట అంటూండగానే ఆవిడ ముఖం మారింది. గాజుగిన్నెల్లోని పాలని చూసింది. స్టీలు గిన్నెలోని పెరుగుని చూసింది. చేతిసంచిలోంచి ఫోను తీసి పాలాయనకి కలిపి, స్పీకరు నొక్కింది. అందరూ దగ్గరికి జరిగారు.

"ఏం నాయనా, బాగున్నావా?" అంది ఆవిడ, తేనె పూసిన గొంతుతో. "ఆవులు ఎలా ఉన్నాయి?"

"మీ దయవల్ల బాగానే ఉన్నాయి పెద్దమ్మగారూ. పెద్దావుకి పొదుగు వాపు కూడా తగ్గింది."

"అయ్యో పాపం, వాపొచ్చిందా? ఎప్పుడు?"

"పోయిన వారమేనమ్మా. పశువుల డాక్టరొచ్చి గట్టి మందే ఇచ్చాడు. రోజూ సూదులే."

"మరి పాలు?"

 పాలాయన గొంతు తగ్గించాడు. "కొన్నాళ్ళు దాని పాలు వాడొద్దన్నాడమ్మా. పాలల్లో కూడా మందు దిగుతుందంట. కానీ అన్ని ఆవుల పాలూ ఒకే క్యానులో పోస్తాను కదా, కనపడదులే అనుకున్నా. పొయ్యడం మానేద్దామంటే, మీరేమో నా పాలు తప్ప ఇంకోటి గుమ్మం తొక్కనివ్వరాయె. మీ మాట పోగొట్టడం ఇష్టంలేక..."

అత్తగారు ఫోను పెట్టేసింది. ఆవిడకి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో వెంటనే తోచలేదు.

కెమిస్టుకి అంతా వరసగా అర్థమైంది. బ్యాక్టీరియాని చంపే మందు. ఆవు ఒంట్లోంచి పొదుగులోకి, పొదుగులోంచి క్యానులోకి, క్యానులోంచి అపార్ట్‌మెంటులోని ప్రతి గిన్నెలోకి. ఇన్నాళ్ళూ తను రోజూ కాఫీలో పోసుకు తాగింది. నూనె ఎవరినీ ఏమీ చెయ్యలేదు.

పరిశీలకురాలు నవ్వుతుందేమోనని అందరూ ఎదురుచూశారు. ఆమె నవ్వలేదు. గాజుగిన్నె ఎత్తి పట్టుకుని తిప్పుతూ, "అయితే ఇప్పుడు ఈ నగరంలో ఎంతమంది ఇలాంటి పాలు తాగుతున్నారో మీకెవరికైనా తెలుసా?" అనడిగింది. గిన్నె కింద పెట్టింది. "రాతిచెవి మళ్ళీ పూసేదాకా ఆ పని ఆపుదాం. ఈలోగా మీరు పాలు పరీక్షించండి. పరీక్ష పద్ధతి మీ దగ్గర ఉండనే ఉంది. తోడుకుంటే మంచిది, తోడుకోకపోతే మందుంది. ఇందాక పెద్దాయన మాటకి అడ్డుపడినమ్మాయి దీన్ని చూసుకుంటే బాగుంటుంది" అంది.

"పాలలో ఔషధ అవశేషాలు: తోడు ఆధారంగా ఒక సులభ పరీక్ష!" అన్నాడు శీర్షికగారు. తను మొదట్నుంచీ ఈ దిశగానే ఆలోచిస్తున్నానని కూడా అన్నాడు. కాదని చెప్పే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఆ పరీక్షకి రోజూ ఒకే రకం, ఒకే బలం గల తోడు కావాలి. దానికి అత్తగారిని మించినవాళ్ళు దొరకలేదు. ఫ్రిజ్ ఇల్లు చేరాక, అపార్ట్‌మెంటు జనం ఒక్కొక్కరే చిన్న గిన్నెలు పట్టుకుని మళ్ళీ గుమ్మం దగ్గరికి వచ్చారు. "ఇప్పుడిది ల్యాబు తోడమ్మా, అడిగినవాళ్ళందరికీ ఇవ్వకూడదు" అని ఆవిడ పైఇంటావిడని మాత్రం రెండుసార్లు తిప్పి, మూడోసారి ఇచ్చింది.

పెద్ద పరిశోధనాలయం నుంచి యంత్రం జవాబు వచ్చింది. రాతిచెవి నూనెలో బోలెడు పదార్థాలున్నాయి, అందులో ఒకదానికి ఇంతవరకు ఎవరూ పేరు పెట్టలేదు. దానితోపాటు మిగిలిన నాలుగు చుక్కలు కూడా వచ్చాయి. కెమిస్టు వాటిని కాగితపు బిళ్ళలకి అద్ది, బ్యాక్టీరియా పెంచే పళ్ళేల్లో పెట్టి, ఒక రాత్రి ఆగి చూసింది. నూనె చుట్టూ బ్యాక్టీరియా ఎంతో ఆరోగ్యంగా, ఒత్తుగా, బిళ్ళ అంచుదాకా పెరిగింది. ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టింది. ఆమెకి బాధ కలిగింది గాని, అనుకున్నంత కలగలేదు.

మొత్తం మీద ఈ వ్యవహారంలో క్రిముల మీద పూర్తి ఫలితమిచ్చిన వైద్యం ఒక్కటే జరిగింది. ఆ ఆవు ఇప్పుడు కులాసాగా ఉంది.